కోయాక్స్ కేబుల్ ముక్కలు కలపడం: విజయవాడ, గుంటూరు హామ్ మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన ఊళ్లలో ఇల్లు ఒక అంతస్తు పెరిగిందంటే యాంటెన్నా కూడా కొత్త డాబా మీదికి ఎక్కుతుంది. అప్పటిదాకా సరిపోయిన కోయాక్స్ (మధ్యలో తీగ, దాని చుట్టూ లోహపు అల్లిక ఉండే యాంటెన్నా కేబుల్) నాలుగు మీటర్లు తక్కువవుతుంది. కొత్త చుట్ట కొనాలా, ఉన్నదానికి ముక్క కలపాలా అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. కొత్తగా హామ్ (అమెచ్యూర్ రేడియో) లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు, ఎస్‌డీఆర్ డాంగుల్‌తో (కంప్యూటర్‌కు పెట్టుకునే చిన్న రేడియో రిసీవర్) వినడం మొదలుపెట్టిన కుర్రవాళ్లు అడిగినవే ఈ ప్రశ్నలన్నీ. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జాయింటు వల్ల పోయే సిగ్నల్ స్వల్పం. జాయింటులోకి చేరిన నీరు మాత్రం మొత్తం కేబుల్‌నే తినేస్తుంది. అందుకే ఈ పేజీలో కనెక్టర్ల గురించి ఎంత ఉందో వాన గురించి కూడా అంతే ఉంటుంది.

అసలు కోయాక్స్‌ను కలపొచ్చా? ఒకే ముక్కగా ఉండాలంటారు కదా?

కలపొచ్చు. ఒకే ముక్క దొరికితే మంచిదే, తేమ దూరే చోటు ఒకటి తగ్గుతుంది. అంతేగానీ జాయింటు పడిందని కేబుల్ పనికిరాకుండా పోదు. రేడియో స్టేషన్లలో, మొబైల్ టవర్ల మీద కూడా కేబుళ్లు కనెక్టర్లతోనే కలుస్తాయి. తేడా అంతా ఎలా కలిపారు, దేనితో కలిపారు, పైన ఏం చుట్టారు అన్నదాంట్లోనే ఉంది.

ఒక్కో జాయింటుకు అర డీబీ (డెసిబెల్, సిగ్నల్ తగ్గుదలకు కొలత) పోతుందని విన్నాను. నిజమేనా?

సరిగ్గా బిగించిన జాయింటుకు అంత పోదు. హెచ్‌ఎఫ్‌లో (30 మెగాహెర్ట్జ్ లోపు) కొలవడమే కష్టమైనంత తక్కువ. 145 మెగాహెర్ట్జ్ దగ్గర మంచి బ్యారెల్ (రెండు ప్లగ్గులను కలిపే గొట్టం), రెండు మంచి ప్లగ్గులు కలిపి 0.1 డీబీ పోయిందనుకుందాం. 25 వాట్లలో అర వాటు కాస్త పైన, అంతే.

దీన్ని కేబుల్‌లో పోయేదానితో పోల్చి చూడండి. మూడంతస్తుల ఇంటికి 30 మీటర్ల కేబుల్ పడుతుంది. సన్నని ఆర్జీ-58 వాడితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 6 డీబీ పోతుంది. అంటే సెట్ 25 వాట్లు ఇస్తే యాంటెన్నాకు చేరేది 6 వాట్ల చిల్లర. అదే 30 మీటర్లు లావు ఆర్జీ-213 అయితే పోయేది రెండున్నర డీబీ చిల్లరే, పైకి 13 వాట్లకు పైగా వెళుతుంది. కాబట్టి జాయింటు లేని ఆర్జీ-58 కంటే మధ్యలో రెండు జాయింట్లు పడ్డ ఆర్జీ-213 ఎంతో మేలు. జాయింటు పడుతుందనే భయంతో సన్న కేబుల్‌కు దిగేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అక్కడ పోయేదానికి ఇక్కడ మిగిలేది ఏ మూలకూ రాదు.

7 మెగాహెర్ట్జ్ మీద మాత్రమే పనిచేసేవాళ్లకు ఈ లెక్క అంత కఠినం కాదు. అక్కడ 30 మీటర్ల ఆర్జీ-58లో పోయేది ఒక డీబీ చిల్లరే.

కరెంటు వైరులా మెలేసి, టేపు చుడితే సరిపోదా?

సరిపోదు. కరెంటు వైరులో రాగికి రాగి తగిలితే పని అయిపోతుంది. కోయాక్స్‌లో మధ్య తీగకూ, చుట్టూ ఉన్న బ్రెయిడ్‌కూ (తీగల అల్లిక) మధ్య దూరం కేబుల్ పొడవునా ఒకేలా ఉండాలి. ఆ కొలతలే 50 ఓమ్‌లు అనే గుణాన్ని ఇస్తాయి. బ్రెయిడ్‌ను పక్కకు లాగి జడలా మెలేస్తే అక్కడ ఆ కొలత చెదిరిపోతుంది, షీల్డింగ్‌కు కంత పడుతుంది. ఆ కంతలోంచి ఇంట్లో ఇన్వర్టర్, ఎల్‌ఈడీ లైట్ల రొద లోపలికి వస్తుంది, మీరు పంపే సిగ్నల్ పక్కింటి టీవీ కేబుల్‌లోకి వెళుతుంది. మెలేసిన రాగి మన తేమకు కొన్నాళ్లకే నల్లబడి, గాలి వీచినప్పుడల్లా కరకరమంటుంది.

మరి కనెక్టర్ లేకుండా సోల్డర్ చేసి కలిపే పద్ధతి ఉందంటారు?

ఉంది, పనిచేస్తుంది కూడా, కానీ హెచ్‌ఎఫ్‌కే. రెండు చివర్లనూ కొలతగా ఒలిచి, మధ్య తీగలను పక్కపక్కన పెట్టి సన్నగా సోల్డర్ చేయాలి. ముక్కలోంచి తీసిన తెల్ల ఇన్సులేషన్‌నే నిలువునా చీల్చి ఆ సోల్డర్ మీద తొడగాలి. అప్పుడు లోపలి మందం మారదు. దానిపై ఒకవైపు బ్రెయిడ్‌ను రెండోదాని మీదికి గొట్టంలా లాగి, చుట్టూ నాలుగుచోట్ల సోల్డర్ వేయాలి. ఇన్సులేషన్ పాలిథీన్ కాబట్టి ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే కరిగి మధ్య తీగ పక్కకు జరిగిపోతుంది. ఒకచోట అంటించాక చల్లారనిచ్చి, తర్వాతే రెండోచోటికి వెళ్లాలి.

ఇది హెచ్‌ఎఫ్‌లో ఎందుకు చెల్లుతుందో ఒక్క లెక్క చెబుతాను. విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది, దాని తరంగదైర్ఘ్యం దాదాపు 358 మీటర్లు. మన 7.1 మెగాహెర్ట్జ్‌కు 42 మీటర్లు. వాటి ముందు మూడు సెంటీమీటర్ల అతుకు లెక్కలోకి రాదు. 435 మెగాహెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి తరంగదైర్ఘ్యం 69 సెంటీమీటర్లే, కేబుల్ లోపల ఇంకా తక్కువ. అక్కడ అదే మూడు సెంటీమీటర్లు గట్టిగా అడ్డుపడతాయి. వీహెచ్‌ఎఫ్ (145 లాంటివి), యూహెచ్‌ఎఫ్ (435 లాంటివి) బ్యాండ్లకు కనెక్టర్లే వాడండి.

ఏ కనెక్టర్ తీసుకోవాలి?

హెచ్‌ఎఫ్‌కు, 2 మీటర్ల బ్యాండుకు (145 మెగాహెర్ట్జ్ ప్రాంతం) పీఎల్-259 ప్లగ్గులు రెండు, మధ్యలో రెండువైపులా ఫిమేల్ ఉండే పీఎల్-258 బ్యారెల్ ఒకటి. సెట్ల వెనక ఉండే ఎస్ఓ-239 సాకెట్‌కు కూడా ఇదే ప్లగ్గు సరిపోతుంది కాబట్టి మనవాళ్లలో ఎక్కువమంది దీనికే అలవాటు పడ్డారు. దీనికి రెండు లోపాలున్నాయి: లోపల 50 ఓమ్‌లు నిలకడగా ఉండవు, నీటిని ఆపే వాషరు ఉండదు. మొదటిది 145 దగ్గర పెద్దగా తెలియదు, 435 దగ్గర తెలుస్తుంది. రెండోది ఏ బ్యాండులోనైనా తెలుస్తుంది.

డాబా మీద, ఎండావానలకు ఉండే జాయింటుకు నా ఓటు ఎన్-టైప్‌కే. బెల్ ల్యాబ్స్‌లో పాల్ నీల్ 1940లలో రూపొందించిన కనెక్టర్ ఇది. ఎన్ అనేది ఆయన పేరులోని అక్షరమే. 50 ఓమ్‌లు నిలబడతాయి, లోపల రబ్బరు గాస్కెట్ ఉంటుంది, గిగాహెర్ట్జ్‌ల దాకా పనిచేస్తుంది. ఎన్-టైప్‌లో 75 ఓమ్‌ల రకం కూడా ఉంది, దాని రంధ్రం సన్నం. 50 ఓమ్‌ల పిన్ను అందులో బలవంతంగా దూరిస్తే సాకెట్ పాడైపోతుంది. కొనేటప్పుడు చూసుకోండి.

బీఎన్‌సీ సన్న కేబుళ్లకు, ఇంటి లోపలికి, క్యాంపులకు బాగుంటుంది.

పీఎల్-259 బిగించడం రావట్లేదు. బ్రెయిడ్‌కు సోల్డర్ అంటుకోదు.

అందరినీ ఏడిపించేది ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ ఐరన్ శక్తి చాలకపోవడం. 25 వాట్ల ఐరన్ సర్క్యూట్ బోర్డులకు బాగుంటుంది. ప్లగ్గు అనే పెద్ద ఇత్తడి ముద్ద దాని వేడినంతా లాగేసుకుంటుంది. వేడెక్కడం లేదని నిమిషాల తరబడి ఆనించి ఉంచితే లోపల పాలిథీన్ కరుగుతుంది. 80 నుంచి 100 వాట్ల ఐరన్, బరువైన మొన ఉన్నది తీసుకుంటే పని కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఎక్కువ వేడి తక్కువసేపు ఆనించడమే కేబుల్‌కు క్షేమం.

నికెల్ పూత ఉన్న ప్లగ్గుకు సోల్డర్ తేలిగ్గా అంటదు. సోల్డర్ రంధ్రాల చుట్టూ ఆకురాయితో ఇత్తడి కనిపించేదాకా గీయండి. వెండి పూత ఉన్నవైతే ఈ తిప్పలు లేవు. లోపలి ఇన్సులేషన్ టెఫ్లాన్ అయి ఉండాలి. చవక ప్లగ్గుల్లోని మామూలు ప్లాస్టిక్ సోల్డర్ వేడికే మెత్తబడి పిన్ను వాలిపోతుంది.

ఆర్జీ-213కు కొలతలు: పై తొడుగు 28 మిల్లీమీటర్లు తీయండి. చివరన 16 మిల్లీమీటర్ల మేర మధ్య తీగ బయటపడేలా బ్రెయిడ్, ఇన్సులేషన్ కోయండి, బ్రెయిడ్‌ను ఇన్సులేషన్ అంచుకన్నా కాస్త వెనక్కే ఉంచండి. మధ్య తీగకు బ్లేడు గాటు పడకూడదు. మిగిలిన బ్రెయిడ్‌కు పలచగా సోల్డర్ పూత ఇవ్వండి. అప్పుడు బయటి మరల రింగును కేబుల్‌కు ఎక్కించి, ఆ తర్వాతే ప్లగ్గును తిప్పుతూ తొడగండి. రంధ్రాల్లోంచి బ్రెయిడ్‌కు, చివరన పిన్నులోకి సోల్డర్ వేయండి. పూర్తిగా చల్లారేదాకా కదపొద్దు. ఆర్జీ-58కు అయితే యూజీ-175 అనే తగ్గింపు గొట్టం కావాలి. దాన్ని ప్లగ్గుతోపాటే అడిగి తీసుకోండి.

ఈ పని ఇంట్లో బల్ల మీదే చేయండి. డాబా మీద గాలికి ఐరన్ మొన చల్లారిపోతుంది.

క్రింప్ చేస్తే (సోల్డర్ లేకుండా టూలుతో నొక్కి బిగిస్తే) బలంగా ఉంటుందా?

సరైన డై (నొక్కే అచ్చు) ఉంటే సోల్డర్‌కు ఏమాత్రం తీసిపోదు. ఆర్జీ-58కు 5.4 మిల్లీమీటర్లు, ఆర్జీ-213కు 10.9 మిల్లీమీటర్ల షట్కోణపు డై కావాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కినదాన్ని క్రింప్ అనకూడదు. నలుగురు కలిసి ఒక టూలు కొని పంచుకోవడం మంచి ఏర్పాటు.

కేబుల్ టీవీ వాళ్ల ఆర్జీ-6 చవకగా దొరుకుతోంది. దానితో కలపొచ్చా?

వినడానికైతే నిశ్చింతగా వాడండి. ఎస్‌డీఆర్‌కు, ఎఫ్‌ఎం, విమానాల బ్యాండు వినడానికి ఆర్జీ-6 చక్కని కేబుల్. ఆర్జీ-58 కంటే దానిలో నష్టం తక్కువ కూడా.

సమస్య రెండుచోట్ల. ఒకటి, దాని బ్రెయిడ్ సాధారణంగా అల్యూమినియం. మామూలు సోల్డర్ అల్యూమినియానికి అంటదు. ఎంత పేస్టు రాసినా గోళీలై జారిపోతుంది. కాబట్టి దానికి ఎఫ్ కనెక్టరే వేయాలి, అదీ తిప్పి బిగించేది కాకుండా కంప్రెషన్ రకం. దాని నుంచి ఎస్ఓ-239కి అడాప్టర్ పెట్టుకోవాలి. రెండు, అది 75 ఓమ్‌ల కేబుల్.

75 ఓమ్‌లదాన్ని 50 ఓమ్‌లదానికి కలిపితే సెట్ పాడవుతుందా?

సెట్‌కు వెంటనే ప్రమాదమేమీ లేదు. 75, 50 కలిసేచోట ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత తిరిగొస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ తిరిగిరాదు) 1.5, తిరిగొచ్చే పవర్ 4 శాతం. దానికి భయపడక్కర్లేదు. కానీ 75 ఓమ్‌ల ముక్క పొడవును బట్టి సెట్ దగ్గర కనిపించేది మారుతుంది. అవతల 50 ఓమ్‌ల యాంటెన్నా ఉండి ఈ ముక్క పావు తరంగం పొడవుంటే సెట్‌కు 112.5 ఓమ్‌లు కనిపిస్తాయి, ఎస్‌డబ్ల్యూఆర్ 2.25. అదే ముక్క అర తరంగం పొడవుంటే మళ్లీ 50 ఓమ్‌లే కనిపిస్తాయి, అసలు ఆ ముక్క లేనట్టే.

కాబట్టి ఒకే బ్యాండు మీద పనిచేసేవాళ్లు 75 ఓమ్‌ల ముక్కను అర తరంగానికో దాని గుణిజానికో కోసుకోవచ్చు. ఫోమ్ ఇన్సులేషన్ ఉన్న ఆర్జీ-6లో తరంగం గాలిలోకంటే నెమ్మదిగా, సుమారు 0.83 వంతు వేగంతో నడుస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు అర తరంగం దాదాపు 17.5 మీటర్లు. 145కు 86 సెంటీమీటర్లు. 40 మీటర్ల బ్యాండుకు, అంటే 7 మెగాహెర్ట్జ్‌కు, కట్టిన డైపోల్ (మధ్యలో కేబుల్ కలిపే తీగ యాంటెన్నా) తగినంత ఎత్తులో ఉంటే దాని మధ్యలో ఉండేది ఎటూ 70 ఓమ్‌ల ప్రాంతమే కాబట్టి, పై నుంచి కిందిదాకా మొత్తం 75 ఓమ్‌ల కేబుల్ వేసినా తప్పులేదు.

సన్న కేబుల్, లావు కేబుల్ కలిపితే?

రెండూ 50 ఓమ్‌లవైతే ఏ ఇబ్బందీ లేదు. పొడవైన భాగం లావుది, సెట్ వెనక మెలికలు తిరిగే చివరి మీటరు సన్నది ఉంచుకోండి.

ఒక కేబుల్‌నుంచి టీ (మూడు దారుల కనెక్టర్) పెట్టి రెండు యాంటెన్నాలకు ఇవ్వొచ్చా?

ఊరికే టీ పెడితే రెండు 50లు పక్కపక్కన చేరి 25 ఓమ్‌లవుతాయి, ఎస్‌డబ్ల్యూఆర్ 2. రెండు వేర్వేరు బ్యాండ్ల యాంటెన్నాలైతే డిప్లెక్సర్ (బ్యాండ్లను వేరుచేసే పెట్టె), లేదా చేత్తో తిప్పే కోయాక్స్ స్విచ్ వాడండి. కేబుల్ టీవీ స్ప్లిటర్‌లోంచి ట్రాన్స్‌మిట్ చేయొద్దు. లోపలి ఫెర్రైట్ ముక్క ఆ పవర్‌ను తట్టుకోలేదు.

వానకు జాయింటు తడవకుండా ఏం చేయాలి?

నీరు కేబుల్ మీద పడటం కాదు సమస్య, లోపలికి పాకడం. బ్రెయిడ్ అల్లిక దీపపు వత్తిలా నీటిని పీలుస్తుంది. పైన యాంటెన్నా దగ్గర దూరిన చుక్క మీటర్ల కొద్దీ కిందికి దిగి జాయింటులో, చివరకు సెట్ సాకెట్‌లో తేలుతుంది. కేబుల్ చివర కోసినప్పుడు రాగి ఎర్రగా మెరవకుండా నల్లగా ఉన్నా, పచ్చగా చిలుము పట్టినా నీరు అక్కడిదాకా వచ్చిందని అర్థం. మెరిసే రాగి తగిలేదాకా వెనక్కి కోస్తూ పోవాలి. ఎంత కోసినా నల్లగానే వస్తుంటే ఆ కేబుల్ మీద ఆశ వదులుకోవాలి.

చుట్టే వరస ఇది. బిగించిన కనెక్టర్ల మీద ముందు ఒక వరస మామూలు పీవీసీ టేపు. రేపు విప్పాల్సి వస్తే కనెక్టర్‌కు జిగట అంటకుండా ఇదే కాపాడుతుంది. దానిపై తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు. దీన్ని దాదాపు రెట్టింపు పొడవు సాగేలా లాగుతూ, ప్రతి చుట్టూ ముందుదాన్ని సగం కప్పేలా, కనెక్టర్లకు అటూ ఇటూ అయిదారు సెంటీమీటర్ల కేబుల్ మీదిదాకా చుట్టాలి. లాగకుండా చుడితే అది ముద్దగా కలవదు. ఆ రబ్బరు ఎండకు ఆగదు, అందుకని పైన మళ్లీ మంచి పీవీసీ టేపు. ఈ చివరి వరసను కింద మొదలుపెట్టి పైకి చుట్టండి. అప్పుడే పై చుట్టు కింది చుట్టును కప్పి నీరు జారిపోతుంది. చవక టేపు మన మే నెల ఎండకు జిగురు కారి ఊడిపోతుంది, చివరన నల్లని కేబుల్ టై ఒకటి బిగించండి.

జాయింటుకు కొద్దిగా కింద కేబుల్ ఒక వంపు తిరిగి గోడలోకి వెళ్లేలా చూడండి. నీరు ఆ వంపు దగ్గర రాలిపోతుంది, గదిలోకి రాదు.

సిలికాన్ పూస్తే?

పూసేటప్పుడు వెనిగర్‌లా పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వద్దు. అది గట్టిపడేటప్పుడు వదిలే అసిటిక్ యాసిడ్ రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసినది వాడొచ్చు. అయినా నాకు రబ్బరు టేపు మీదే నమ్మకం.

2024 బుడమేరు వరదలో మా జాయింటు మునిగింది. ఆరబెట్టి వాడుకోవచ్చా?

ఆ సెప్టెంబరులో సింగ్ నగర్ చుట్టుపక్కల ఇళ్లలో నీరు రోజుల తరబడి నిలిచింది. అలా మునిగిన చోట కనెక్టర్ గానీ, విప్పి ఉన్న చివర గానీ ఉంటే ఆరబెట్టడం దండగ. పైకి ఆరినా బురదనీటిలోని లవణాలు అల్లికలో మిగిలిపోతాయి. కనెక్టర్లు తీసి పారేసి, కేబుల్ రెండు చివరలా కోసి రాగి చూడండి. తొడుగుకు గాటు లేకుండా మధ్య భాగం మాత్రమే మునిగితే కేబుల్ దాదాపుగా క్షేమమే.

జాయింటు ఎక్కడ ఉంటే మేలు?

చెయ్యి అందేచోట, కంటికి కనబడేచోట, నీడలో. పిట్టగోడ లోపలివైపో, సన్‌షేడ్ కిందో బాగుంటుంది. గోడలో పూడ్చిన పైపులో మాత్రం ఎప్పుడూ వద్దు. కేబుల్ బరువంతా జాయింటు మీద వేలాడకూడదు, అటూ ఇటూ గోడకు క్లాంపులు వేయండి. మంగళగిరి, ఉండవల్లి లాంటి కొండల పక్క ఇళ్లలో కోతులు వేలాడే కేబుల్‌ను వదలవు, అక్కడ ఈ క్లాంపులు మరీ అవసరం. కేబుల్ ఇంట్లోకి వచ్చేచోటే జాయింటు పెట్టుకుంటే మెరుపు అరెస్టర్‌ను, ఎర్త్ తీగను అక్కడే కలుపుకోవచ్చు, ఉరుముల రోజు అక్కడే విప్పేయొచ్చు.

జాయింటు బాగా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

మల్టీమీటర్‌తో మూడు చూడండి: మధ్య తీగ ఈ చివరినుంచి ఆ చివరికి కలవాలి, బ్రెయిడ్ అలాగే కలవాలి, ఈ రెండూ ఒకదానికొకటి తగలకూడదు. చూసేటప్పుడు జాయింటును అటూ ఇటూ కదిలించండి. తర్వాత అవతల చివర 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టర్) పెట్టి, మీరు వాడే బ్యాండులో ఎస్‌డబ్ల్యూఆర్ 1 దగ్గర ఉందేమో చూడండి. టేపు చుట్టడం ఇవన్నీ అయ్యాకే.

నానోవీఎన్‌ఏ (యాంటెన్నాలను, కేబుళ్లను కొలిచే చిన్న పరికరం) ఉంటే ఇంకో పరీక్ష ఉంది. అవతల చివర ఏమీ పెట్టకుండా వదిలేసి రిటర్న్ లాస్ (తిరిగొచ్చే సిగ్నల్ ఎన్ని డీబీ తగ్గిందో) చూడండి. అందులో సగం కేబుల్‌లో ఒకవైపు నష్టం. జాయింటుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రాసి పెట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

ఎస్‌డబ్ల్యూఆర్ చక్కగా ఉంది, అయినా ఎవరికీ వినబడటం లేదు. ఎందుకు?

ఈ ప్రశ్న వానాకాలం తర్వాత ఎక్కువగా వస్తుంది. నీరు తాగిన కేబుల్ పవర్‌ను మింగేస్తుంది. వెళ్లేది మింగుతుంది, తిరిగొచ్చేదీ మింగుతుంది. మీటరుకు తిరిగొచ్చేది కనబడదు కాబట్టి అంతా బాగున్నట్టు చూపిస్తుంది. ఒకవైపు 6 డీబీ నష్టమున్న కేబుల్‌కు పైన యాంటెన్నా ఊడిపోయినా, కింద మీటరు 1.7 కూడా చూపదు. ఎస్‌డబ్ల్యూఆర్ తక్కువ ఉందని కేబుల్ మంచిదనుకోవద్దు. పైన డమ్మీ లోడ్, పవర్ మీటర్ పెట్టి అక్కడికి ఎన్ని వాట్లు వస్తున్నాయో కొలిస్తేనే నిజం తెలుస్తుంది.

కలిపాక మొత్తం పొడవు అర తరంగం గుణిజం కావాలా?

మొత్తం 50 ఓమ్‌ల కేబులే అయితే అక్కర్లేదు. ఎక్కడ కుదిరితే అక్కడ కోయండి. కేబుల్ కోస్తే ఎస్‌డబ్ల్యూఆర్ బాగా మారుతోందంటే బ్రెయిడ్ బయటివైపు కరెంటు పారుతోందని అనుమానించాలి. యాంటెన్నా దగ్గర చోక్ (ఆ బయటి కరెంటును ఆపేది) పెట్టండి.

తుఫాను సమయాల్లో అత్యవసర స్టేషన్‌కు కేబుల్ ఎలా సిద్ధం చేసుకోవాలి?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రోజున ఏ బడి డాబా మీద స్టేషన్ పెట్టాల్సి వస్తుందో, ఎంత కేబుల్ కావాలో ముందే చెప్పలేం. జాయింట్లు అసలు అక్కరకొచ్చేది ఇక్కడే. ఒకే పొడవాటి చుట్టకు బదులు పది మీటర్ల ముక్కలు మూడు నాలుగు, అన్నిటికీ ఒకే రకం కనెక్టర్లు, నాలుగు బ్యారెళ్లు, రబ్బరు టేపు, పీఎల్-259కి మారే అడాప్టర్లు రెండు ఒక సంచిలో ఉంచుకోండి. ప్రతి ముక్కకూ పొడవు రాసిన చీటీ కట్టండి. చివరలకు ప్లాస్టిక్ టోపీలు పెట్టండి.

కనెక్టర్లు ఎక్కడ దొరుకుతాయి?

ఎఫ్, బీఎన్‌సీ కనెక్టర్లు కేబుల్ టీవీ, సీసీటీవీ సామాను అమ్మే ఏ షాపులోనైనా ఉంటాయి. టెఫ్లాన్ పీఎల్-259, ఎన్-టైప్ కోసం చాలామంది హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్ వెళ్తారు, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. ఎన్-టైప్ కొనేటప్పుడు మీ కేబుల్ ముక్క ఒకటి జేబులో పెట్టుకెళ్లి తొడిగి చూడండి. ఆర్జీ-213 మందం 10.3 మిల్లీమీటర్లు, ఆర్జీ-58 మందం 5.

ఒకసారి చుట్టిన జాయింటును మళ్లీ ఎప్పుడు చూడాలి?

ఏటా రెండుసార్లు. మే చివర, తొలకరికి ముందు ఒకసారి: ఎండకు టేపు ఊడిందా, ఉడతలు కొరికాయా చూడండి. అక్టోబరులో ఇంకోసారి, ఈశాన్య రుతుపవనాల తుఫాన్లు మొదలయ్యేలోపు. పై టేపు గట్టిగా ఉండి, నానోవీఎన్‌ఏలో పాత అంకెలే వస్తుంటే విప్పొద్దు, అలాగే ఉంచండి. అంకె అర డీబీ దాటి మారితే ఆ వారమే విప్పి, రెండు వైపులా ఓ అంగుళం కోసి, కొత్త ప్లగ్గులు వేయండి.